ఎవరూ దిగని గొయ్యి

సువార్తమ్మ అడిగినదానికి యోవేలు జవాబు చెప్పాడు. చెప్పింది తప్పు కాదు. తప్పు కాకపోవడమే అతన్ని పొద్దుటి నుంచీ పీక్కుతింటోంది.

ఆమె కొడుకు జీవరత్నం మొన్న రాత్రి పురుగుమందు తాగాడు. ఆసుపత్రివాళ్ళు కోసి, కుట్టి, తెల్లగుడ్డలో చుట్టి ఈ పొద్దున ఇంటికి పంపారు. పలకరించడానికి వెళ్ళిన యోవేలు చొక్కా అంచు పట్టుకుని ఆమె ఒక్కటే మాట అడిగింది.

"ఉపదేశి బాబూ, మావాడు ఇప్పుడు ఎక్కడున్నాడు?"

యోవేలు కొమ్మవరం పేట గుడికి ఉపదేశి. అయ్యగారు లేని పూట ప్రార్థన నడపడం, పిల్లలకి పాఠం చెప్పడం అతని పని. పట్నంలో దైవశాస్త్రం చదివి వచ్చాడు. త్వరలో అతన్ని కూడా అయ్యగార్ని చేస్తారు. ఏడ్చేవాళ్ళని ఊరుకోబెట్టడానికైనా సరే, దేవుడి పేరున అబద్ధం ఆడకూడదని పట్నంలో నేర్పారు. అతను ఆడలేదు. ప్రాణం ప్రభువు ఇచ్చింది, దాన్ని తన చేత్తో తానే తీసుకున్నవాడికి పశ్చాత్తాపపడే వ్యవధి కూడా మిగలదు, అలాంటివాడి గురించి సంఘం ఏ నిరీక్షణా, ఏ ఆశా చెప్పలేదు అన్నాడు. మెల్లగానే చెప్పాడు. కళ్ళనీళ్ళతోనే చెప్పాడు.

ఆమె చివరిదాకా విన్నది. "సరే బాబూ" అంది. లేచి, అతనికోసం వేసిన పీట తీసి గోడకి ఆనించింది.

ఇక జీవరత్నం ఎందుకు తాగాడన్నది. ఊళ్ళో ఒక ఆసామి బోరు మోటారు కనపడలేదు. పేటవాడు, పైగా వయసులో ఉన్నవాడు, ఆ చేలోనే కూలికి పోయినవాడు. ఇంకేం కావాలి? నడివీధిలో కరెంటు స్తంభానికి కట్టేశారు. ఆడా మగా వచ్చి చూసిపోయారు. పొద్దు వాలేవేళకి మోటారు దొరికింది. ఆసామి కొడుకే పట్నంలో వైండింగుకి ఇచ్చి మర్చిపోయాడట. కట్లు విప్పి, "పోరా, పొయ్యి అన్నం తిను" అన్నారు. జీవరత్నం అన్నం తినలేదు.

మర్చిపోయినవాడికి ఏమీ కాలేదు. కట్టేసినవాళ్ళకీ ఏమీ కాలేదు. వాళ్ళ ఇళ్ళలో పొయ్యిలు వెలిగాయి, పాలు పొంగాయి. లోకంలో ఉన్న తీర్పంతా ఆ చచ్చినవాడి నెత్తిమీదే పడింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వీడి విషయంలో ఆ సామెతకి కూడా నోరు రాలేదు.

సంఘపెద్ద సుదర్శనం నలుగురినీ కూర్చోబెట్టి తేల్చేశాడు. గంట కొట్టేది లేదు. ప్రార్థన లేదు. సమాధుల దొడ్డి గోడ లోపల చోటు లేదు, అవతల తుమ్మల కింద పెట్టాలి. పూర్వం నుంచీ ఉన్న కట్టుబాటే. ఎవరైనా గొణిగితే, ఉపదేశిగారు కూడా అదే చెప్పారుగా అన్నాడు. ఆ మాట యోవేలు చెవిన పడింది. తను చెప్పింది తల్లికి. అది గోడ అవతలికి తోసే కర్ర అవుతుందని అతను అనుకోలేదు.

ఆశీర్వాదం అయ్యగారు పక్కూళ్ళో జబ్బుమనిషిని చూడ్డానికి పోయి, కబురు విని మధ్యాహ్నానికి నడిచి వచ్చారు. పెద్ద వయసు. యోవేలుకి అక్షరాలు దిద్దించిందీ ఆయనే, పట్నం పంపిందీ ఆయనే. పేటవాళ్ళు ఊరి మంచినీళ్ళబావి మీద చెయ్యి వేసిన రోజుల్లో ముందు నడిచి దెబ్బలు తిన్న మనిషి. మాట తక్కువ.

అరుగు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటుంటే యోవేలు జరిగిందంతా చెప్పాడు. ఒక్క మాట దాచలేదు.

"నేను ఆమెకి చెప్పింది తప్పా అయ్యగారూ?"

ఆయన చెంబు పక్కన పెట్టారు.

"ఏరా, పిల్లలకి విశ్వాసప్రమాణం నేర్పుతున్నావా?"

"ప్రతి ఆదివారం నేర్పుతున్నానండి."

"ప్రభువు సిలువమీద చనిపోయాడు, మూడోనాడు లేచాడు. మధ్యలో ఎక్కడికి పోయాడు?"

"చనిపోయినవాళ్ళ లోకంలోకి దిగాడండి."

"ఎందుకు దిగాడు?"

యోవేలు ముఖంలోకి కాస్త వెలుగు వచ్చింది. పరీక్షలో దీనిమీదే అతనికి మంచి మార్కులు వచ్చాయి. నిజంగా చనిపోయాడని చెప్పడానికే ఆ మాట పెట్టారని కొందరు పండితులంటారు, కాదు, మరణాన్ని గెలిచానని అక్కడ చాటడానికి వెళ్ళాడని మరికొందరంటారు, అని మొదలుపెట్టాడు. పూర్వపు నీతిమంతులని విడిపించే సంగతికి వచ్చేసరికి అయ్యగారు చెప్పులు తొడుక్కుంటున్నారు.

"గొయ్యి తవ్వారా?"

"తవ్వారండి. తుమ్మల దగ్గర."

"పద."

నల్లరేగడి నేల. రాత్రి వాన పడింది. అడుగేస్తే చెప్పు ఊడి మట్టిలోనే ఉండిపోతోంది. కొంతదూరం పోయాక ఆయన చెప్పులు రెండూ చేత పట్టుకున్నారు. యోవేలు కూడా అదే చేశాడు.

సంఘం పాడె ఇవ్వలేదు కాబట్టి జీవరత్నాన్ని నులకమంచం మీద తెచ్చారు. మేనమామలు, పినతండ్రి కొడుకులు మోశారు. మిగతా పేటంతా గోడ దగ్గరే ఆగిపోయింది, చూడాలని ఉన్నా దగ్గరికి రావడానికి భయపడి. సువార్తమ్మ గొయ్యి పక్కన మట్టిలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. గోతిలోకి చూస్తోంది. అడుగున ఊటనీళ్ళు చేరాయి.

పేటలో ఒక పద్ధతి ఉంది. మామూలు చావైతే, చనిపోయినవాళ్ళ తాలూకు మగవాళ్ళిద్దరు ముందు గోతిలోకి దిగుతారు. పైనుంచి అందిస్తే చేతులతో అందుకుని, నిద్రపోయే బిడ్డని పక్కమీద వేసినట్టు పడుకోబెడతారు. తల పడమటికి పెడతారు. ప్రభువు వచ్చిననాడు లేచి కూర్చుంటే ముఖం తూర్పుకి ఉండాలని.

చెడ్డచావు చచ్చినవాడి గోతిలోకి ఎవరూ దిగరు. మోకులు కట్టి వదిలేస్తారు. తల ఎటైనా సరే.

సుదర్శనం మోకులు సిద్ధం చేయిస్తున్నాడు. అయ్యగార్ని చూసి ఎదురొచ్చి, మీరు శ్రమపడి రావాల్సింది కాదు, అంతా మేము చూసుకుంటున్నాం అన్నాడు. ఆయన తల ఊపారు. చెప్పులు కింద పెట్టారు. పంచె ఎగ్గట్టారు. గొయ్యి అంచున కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి, కాళ్ళు లోపలికి వేలాడదీశారు.

ఆయన ఏం చెయ్యబోతున్నారో ఎవరికీ తట్టేలోపే దిగిపోయారు. నీళ్ళ చప్పుడైంది. పైవాళ్ళకి నెరిసిన తల ఒక్కటే కనపడుతోంది.

సుదర్శనం అంచుదాకా వచ్చి ఆగిపోయాడు.

"అయ్యగారూ, పైకి రండి. రొట్టె విరిచి మాకు పెట్టే చేతులు అవి."

"అవేలే," అన్నారు అయ్యగారు లోపల్నుంచి. "బిడ్డని అందించండి."

మేనమామలు మంచం ఎత్తారు. తల తూర్పువైపు ఉంది, ఎలా తెచ్చారో అలాగే.

"తిప్పండి. తల పడమటికి."

ఎవరూ కదల్లేదు. సుదర్శనం గొంతు మెత్తబడింది, కాని మాట మెత్తబడలేదు. లేచేవాళ్ళకి కదండీ ఆ పద్ధతి అన్నాడు. రేపు మా పిల్లలు అడిగితే ఏం చెప్పమంటారు, మందు తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే అని చెప్పమంటారా? అతని కడగొట్టు తమ్ముడు కూడా ఒకప్పుడు మందుడబ్బా పట్టుకుంటే లాక్కున్నాడు సుదర్శనం. ఆ సంగతి పేటంతటికీ తెలుసు. మనిషి రాయి కాదు. భయపడ్డవాడు.

అయ్యగారు రెండు చేతులూ పైకి చాపి అలాగే నిలబడ్డారు. ముసలి చేతులు. దించలేదు.

మంచం మోసేవాళ్ళు సుదర్శనాన్ని చూశారు. సుదర్శనం యోవేలుని చూశాడు. పేటకి రేపటి అయ్యగారు అతనే కదా.

యోవేలుకి తను చదివినదంతా గుర్తుంది. ఒక్క వాక్యం కూడా చెరిగిపోలేదు. తల తిప్పితే దాని అర్థమేమిటో, దాన్ని ఎవరెవరు ఎలా తప్పుపట్టగలరో, అయ్యగార్ని చేసే పెద్దలకి కబురు పోతే ఏమవుతుందో కూడా తెలుసు. నిలబడి ఆ చేతులకేసి చూశాడు.

మంచం తలవైపు కోడు పట్టుకున్న మేనమామ చేతిమీద చెయ్యి వేశాడు. "నాకివ్వు మావా," అన్నాడు.

తిప్పారు. బురదలో జారుతూ, గొయ్యి చుట్టూ తిరిగి, తల పడమటికి తెచ్చారు. కాని ఆ బరువు అందుకోవడానికి కింద ఒక్క ముసలాయన చాలడు. యోవేలు మంచం దించి, తలవైపు అంచు నుంచి గోతిలోకి జారాడు. నీళ్ళు చల్లగా పిక్కలకి తగిలాయి. వెనకాల గోడలా మట్టి. లోపల అంత చీకటి ఉంటుందని పైన ఉన్నప్పుడు అతనికి తెలియలేదు.

మేనమామలు పైనుంచి అందిస్తే జీవరత్నం తల అతని మోచేతి మీదకి వచ్చింది. గుడ్డలోంచి ఇంకా మందు వాసన వస్తోంది. కడిగినా పోలేదు. ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చుని పాటలు నేర్చుకున్నవాళ్ళే. ఆ తల ఇంత బరువుండేది కాదు.

"అయ్యగారూ, ఏం ప్రార్థన చెయ్యమంటారు?" అన్నాడు.

"ముందు తల నీళ్ళలో పడకుండా పట్టుకో," అన్నారు ఆయన.

అలా ఎంతసేపు పట్టుకున్నారో. అడుగున నీళ్ళున్నాయి, పడుకోబెట్టడానికి లేదు, పైకి ఇవ్వడానికి లేదు. పైన ఎవరో ముక్కు చీదుతున్నారు. అప్పుడు అంచున ఎండు చొప్ప చప్పుడైంది. తలెత్తితే సుదర్శనం. పక్కచేలో తన వామిలోంచి పీకిన జొన్నచొప్ప కట్ట గుండెకి ఆనించుకుని ఉన్నాడు. దాన్ని కిందికి వదిలాడు. మళ్ళీ పోయి ఇంకోటి తెచ్చాడు. గోడ దగ్గరున్నవాళ్ళలో ఒకరిద్దరు అతని వెనకాల నడిచారు. ఆ తర్వాత కట్టలు చేతులు మారుతూ వచ్చాయి.

అయ్యగారు కాలితో చొప్ప సర్దారు. నీళ్ళు కిందికి పోయి, పైన పొడిగా పరుపులా అయింది. జీవరత్నాన్ని దానిమీద పడుకోబెట్టారు. అయ్యగారు వంగి, గుడ్డ మీదుగానే అతని నుదుటిమీద చెయ్యి ఉంచారు. పెదాలు కదిలాయి. ఏం చెప్పారో యోవేలుకి కూడా వినపడలేదు.

సుదర్శనం మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి అందించాడు. ఇద్దరు ముగ్గురు పట్టి అయ్యగార్ని పైకి లాగారు. ఆయన రొమ్ముదాకా బురద. వచ్చి సువార్తమ్మ పక్కన నేలమీదే కూలబడ్డారు.

పొద్దు వాలుతోంది. పడమట మళ్ళీ మబ్బు కమ్మింది. వాన వస్తే గొయ్యి పూడ్చడం కష్టమని మేనమామలు పారలు అందుకున్నారు. ఇంకా లోపలే ఉన్న యోవేలుని రండి ఉపదేశిగారూ అని పిలిచారు.

అప్పుడు సువార్తమ్మ గొయ్యి అంచుకి జరిగింది. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆమె గొంతు పగిలింది. యోవేలుని పొద్దున అడిగినది మళ్ళీ అడగలేదు.

"వాడికి చిన్నప్పటి నుంచీ చీకటంటే భయం బాబూ," అంది. "ఒక్కడే పడుకోడు."

యోవేలు పైకి చూశాడు. అంచుకి ఆనించిన చెయ్యి తీసేశాడు. వెనక్కి తిరిగి, ఆ ఇరుకులో, చొప్ప మీద జీవరత్నం తల పక్కన కూర్చున్నాడు. గుడ్డలో ఉన్న చేతిని వెతికి పట్టుకున్నాడు.

చినుకులు మొదలయ్యాయి. ఉపదేశిగారూ అని మేనమామ మళ్ళీ పిలిచాడు. లోపల కదలిక లేదు. ఇంకొకతను పార ఎత్తి అయ్యగారి వైపు చూశాడు.

ఆశీర్వాదం అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"తోడుండనివ్వండి," అన్నారు.