తాళం వేసిన తమ్ముడు

చిన్న కథ. సన్యాసినాయుణ్ణి తమ్ముడు గదిలో పెట్టి తాళం వేస్తే, కామేశం మాస్టారు తీశాడు. అంతే. కాని మాస్టారి సంగతి కొంచెం చెప్పకపోతే ఇది తలకెక్కదు.

ఆయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఎవడి బతుక్కి వాడే యజమాని, మంచికైనా సరే ఇంకొకడి మీద చెయ్యి వెయ్యకూడదు, సర్కారుకీ ఆ హక్కు లేదు అని లావుపాటి పుస్తకం రాశాడు. సర్కారు బస్సెక్కడు. సర్కారు రోడ్డు మీద మాత్రం నడుస్తాడు, గట్ల మీద బురద కదా. భార్య పుట్టింటికి పోతానంటే ఆటో పిలుచుకొచ్చి, సామాను తనే ఎక్కించాడు. ఆపుతాడేమోనని ఆవిడ మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ పుస్తకాన్ని ఊళ్ళో చదివినవాడు నూకరాజు ఒక్కడే. చదివి ఊరుకోక, పంచాయతీ మీటింగులో చెత్తపన్ను మీద గంటసేపు మాట్లాడాడు. అలాంటివాడు సొంత అన్నకే తాళం వేశాడు. మళ్ళీ తాగితే బతకడని డాక్టరు చెప్పాడు మరి.

తొమ్మిది రోజులు అన్న తలుపు బాదాడు. పదో రోజు నూకరాజు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

"తీస్తే అన్న చస్తాడు. తియ్యకపోతే మీరు చెప్పిందంతా అబద్ధం. ఏం చెయ్యమంటారో చెప్పండి మాస్టారూ."

"చెబితే చేస్తావా?"

"మీరు చెప్పాక చెయ్యకుండా ఉంటానా."

"అయితే ఆ పుస్తకం చదివింది ఎవర్రా?"

మాస్టారు తాళం చెవి కోసం చెయ్యి చాపాడు. తనే వచ్చి తలుపు తీశాడు. సన్యాసినాయుడు తమ్ముడి వైపు చూడకుండా తిన్నగా బ్రాందీషాపుకి నడిచాడు. మాస్టారు వెనకే వెళ్ళి, బల్ల మీద అతని పక్కన కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మాస్టారు కూడా మొదలెట్టాడని ఊరంతా సంబరపడింది.

వారం తర్వాత నూకరాజు షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మా అన్న చావు చూడ్డానికి కూర్చున్నారా?"

"తాళం వెయ్యొద్దని రాశాను. పక్కన కూర్చోవద్దని ఎక్కడ రాశాను?" అంటూ మాస్టారు కొంచెం జరిగి చోటిచ్చాడు.

నూకరాజు అటూ ఇటూ చూశాడు. తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంటికి వెళ్ళిపోయాడు.

రెండో నెలలో సన్యాసినాయుడు తాగుడు మానేశాడు. డాక్టరు కూడా నమ్మలేదు. మానేసిన మొదటి రోజునే బట్టలు సర్దుకుని, రెండు వీధుల అవతల అద్దెకి దిగాడు. ఏడేళ్ళయింది. ఆరోగ్యంగా ఉన్నాడు. తమ్ముడితో ఇంతవరకూ మాట్లాడలేదు.