పైడమ్మ పెరట్లో ఏడాది కాపు

చింతపల్లిలో పైడమ్మ ఇంట్లో ఉన్నది ముగ్గురే గానీ, తెలివి మాత్రం ఊరందరికీ పంచగా ఇంకా మిగులుతుందని వాళ్ళ నమ్మకం. "మన బుర్రలు అరిగిపోకుండా వాడుకోవాలయ్యా" అని పైడమ్మ రోజూ మొగుడికి చెప్పేది. ఎందుకొచ్చిన గొడవని, ముగ్గురూ వాడడమే మానేశారు. మొగుడు గౌరినాయుడు, కొడుకు దేముడు ఆవిడ మాట జవదాటరు.

దేముడికి ముప్ఫై దాటాయి, పెళ్ళి లేదు. మేనత్త కొండమ్మకు కూతురుంది. కానీ కొండమ్మ సామాన్యురాలా! "నీ పెరట్లో ఒక్క స్ట్రాబెర్రీ పండించి నా నోట్లో పెట్టవే మరదలా, మా పిల్లని మీవాడికి ఇచ్చేస్తాను. మొక్కని సాకలేనోడు పెళ్ళాన్నేం సాకుతాడు?" అని మొహం మీదే అనేసింది. శివరాత్రి వెళ్ళాక వస్తానంది. పైడమ్మకు ఒళ్ళు మండింది గానీ, ఈ సంబంధం తప్పితే దేముడికి ఇంకో పిల్ల దొరకదని ఆవిడకీ తెలుసు.

అంతే, నర్సరీకి పరిగెత్తింది. నర్సరీ ఆయన డజను మొక్కలిచ్చి, "ఇవి ఏడాది పొడుగునా కాసే రకం తల్లీ. చంటిపిల్లల్లా చూసుకోండి. మొదట వచ్చిన పూలు తుంచెయ్యండి, మొక్క బలపడుతుంది. పిట్టల బెడద ఉంటే గులకరాళ్ళకు ఎర్రరంగేసి మొక్కల మధ్య పెట్టండి. పొడిస్తే ముక్కు నొప్పెట్టి ఇంక రావు" అన్నాడు.

ఇంకేముంది! ఆకు ఆకుకీ నువ్వుల నూనె మర్దనా, వేణ్ణీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ, పైన దిష్టి చుక్క. మూడో రోజుకి ఎనిమిది మొక్కలు ఉడికిపోయాయి.

"నీళ్ళు మరీ కాగాయేమోనే" అని గౌరినాయుడు నసిగాడు.

"కాగితే ఏడవ్వూ? ఒక్కటీ కుయ్యిమనలేదే!" అని గదమాయించింది పైడమ్మ.

మిగిలిన నాలుగింటికీ జలుబు చేస్తుందని స్నానం మాన్పించారు. అందుకే బతికాయి, పాపం.

తర్వాత పూత వచ్చింది. దేముడు మొదటి పువ్వు తుంచేశాడు. మర్నాడు ఇంకోటి పూసింది.

"దీన్నేం చెయ్యనమ్మా?"

"మొదటిది పోయిందిగా? ఇప్పుడున్నవాటిల్లో ఇదేగా మొదటిది! తుంచు."

అంతే. రోజూ పొద్దున్నే ఒక మొదటి పువ్వు పూసేది, రోజూ వీడు తుంచేవాడు. నాలుగు నెలలు తుంచాడు! "మొక్క ఎంత బలపడిందో!" అని ముగ్గురూ మురిసిపోయారు. వీళ్ళని కాదు, వీళ్ళకి మొక్కలమ్మినవాణ్ణి అనాలి.

అయినా ఆకుల చాటున ఒక పువ్వు వీళ్ళ కంటపడకుండా తప్పించుకుంది. కాయైంది, పండింది, సరిగ్గా కొండమ్మ వచ్చే రోజుకి ఎర్రగా నిగనిగలాడింది. పైడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుకు పెళ్ళంతా ఆ ఒక్క పండులోనే ఉంది మరి. గేటుకి వేయగా మిగిలిన ఎర్రరంగు తెచ్చి, పది గులకరాళ్ళకు పూసి, ఆరబెట్టి, మొక్కల మధ్య పేర్చి, పండు కోసి ఆ రాళ్ళ మధ్యలోనే పెట్టింది, భద్రంగా ఉంటుందని.

ఇంతలో గోడమీద పిగిలిపిట్ట వాలింది.

"రాయెట్టి కొట్టరా!" అని అరిచింది పైడమ్మ.

దేముడు చేతికందిన ఎర్రది విసిరాడు. పిట్ట దాన్ని కరుచుకుని హాయిగా ఎగిరిపోయింది.

"పిచ్చిపిట్ట! రాయి తింటోంది. ఇంక ముక్కు నొప్పెట్టి చస్తుంది" అని ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

కొండమ్మ వచ్చింది. పైడమ్మ ఉన్న పదింట్లో బాగా బలిసినదాన్ని ఏరి, కడిగి, పంచదార అద్ది ఆవిడ నోట్లో పెట్టింది. కటుక్కుమంది. ముందుపన్ను ఊడి అరచేతిలో పడింది.

"ఓసి నీ తెలివి తగలెయ్య! రాయిలా ఉందేమే ఇది?"

"ఉండదా మరి వదినా? నాలుగు నెలలు పూలు తుంచాం, ఆమాత్రం బలపడదా?"

"మా పిల్లని జన్మంతా ఇంట్లోనే కూచోబెట్టుకుంటాను గానీ ఈ కొంపకివ్వను!" అని దవడ పట్టుకుని బస్టాండు దారి పట్టింది కొండమ్మ.

దేముడు భోరుమన్నాడు. "నా పెళ్ళి పోయిందా అమ్మా?"

"పోవడమేంట్రా! మీ అత్తకి తొందరెక్కువ, పచ్చిది కొరికింది. బాగా ముగ్గనీ, మళ్ళీ పిలుద్దాం."

ఆ సాయంత్రమే నాలుగు మొక్కలూ పీకి అవతల పారేసింది పైడమ్మ, పండ్లకు పోసే నీళ్ళన్నీ అవే తాగేస్తున్నాయని. ఏడాది తిరిగింది. ఒక్క పండూ కుళ్ళలేదు, ఒక్కటీ రాలలేదు. నర్సరీ ఆయన మాట నిజమేనని ముగ్గురూ ఊరంతా చెప్పుకుంటున్నారు. దేముడు రోజూ పొద్దున్నే వాటికి నీళ్ళు పోసి, ఒక్కోదాన్నీ నొక్కి చూస్తున్నాడు, మెత్తబడగానే అత్తకి కబురు పెడదామని.