వంటింటి గుమ్మంలో కాపలా

ఒకానొక పెద్ద రాజ్యాన్ని ఆనుకొని చిన్న కొండసీమ ఉండేది. ఆ రాజ్యాన్నేలే విజయకేతుడికి పైదేశాల నుంచి గుర్రాలు వచ్చే కనుమ దారి ఆ సీమలోనే ఉంది. ఆ ఏడు అక్కడి రెండు ఊళ్లు ఊటనీటి కోసం తగువుపడ్డాయి.

"పాపం, కొట్టుకు చస్తున్నారు! నా మనసు కరిగిపోతోంది. శాంతి కోసం కనుమలో మన సైన్యాన్ని దించండి," అన్నాడు రాజు. ఆయన మనసు కరిగిందంటే ఎవరి కొంపో మునిగినట్టే.

కొండపెద్ద సింగన్న పరుగున వచ్చి కాళ్లమీద పడ్డాడు.

"వద్దు దొరా! తొలకరినాడు రెండూళ్లవాళ్లం ఒకే కుండలో అంబలి తాగుతాం. దాంతో తగువు తీరిపోద్ది. మీ గుర్రాల్ని మేమెప్పుడన్నా ఆపామా? సైన్యం దిగితే మా సీమ మాకు మిగలదు."

"తగువు తీరగానే వెనక్కి వచ్చేస్తుందిలే," అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ.

సింగన్న కన్నీళ్లు చూసి ఆస్థాన విదూషకుడు అహోబలయ్యకు కడుపు మండింది. పైకి మాత్రం నవ్వుతూ, "సైన్యం ప్రయాణం రేపు సాయంత్రానికి పెట్టించండి ప్రభూ," అన్నాడు. రాజు సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రాజు భోజనానికి కూర్చుంటే ఎంతకీ వడ్డన లేదు. ఆకలికి ఆగలేక వంటింటికి వెళ్లాడు. గుమ్మానికి అడ్డంగా అహోబలయ్య, బల్లేలు పట్టిన భటులు కూర్చుని ఉన్నారు. అందరి నోళ్లలోనూ రాజుగారి గారెలే!

"ఏమిటిది?" అని గర్జించాడు రాజు.

"పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అని వంటవాళ్లిద్దరూ తగువుపడ్డారు ప్రభూ. నా మనసు కరిగిపోయింది. శాంతి కోసం దిగాను."

"మరి నా గారెలు?"

"అవి ఈ దారినే వస్తాయి కదా! దారి కాసేవాళ్లకు బలం ఉండొద్దూ?"

"తగువు తీరిందా, లేదా?"

"పొద్దున్నే తీరబోయింది ప్రభూ. ఒకడు రెండోవాడికి తాంబూలం కూడా ఇచ్చాడు. నాకు గుండె ఆగినంత పనైంది. తగువు తీరితే నేను లేచిపోవాలిగా! వెంటనే ఒకడికి రోకలి, ఇంకొకడికి అట్లకాడ అందించాను."

"ఎప్పుడు లేస్తావయ్యా?" అన్నాడు రాజు నీరసంగా.

"కనుమలో దిగబోయే మన సైన్యం ఎప్పుడు లేస్తుందో అప్పుడే ప్రభూ."

రాజు అహోబలయ్యను చూశాడు, అతడి చేతిలోని సగం గారెను చూశాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "సైన్యం కదలదు. ముందు నాకు అన్నం పెట్టించు!" అంటూ తన పట్టుశాలువ తీసి అతడికి కప్పాడు. అహోబలయ్య పిలిపించగా వచ్చి మూల నిలబడ్డ సింగన్న సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

తొలకరినాడు రాజు కత్తి లేకుండా కొండకు వెళ్లాడు. రెండూళ్లవాళ్ల మధ్య కూర్చుని, అంబలి రెండోసారి కూడా అడిగి పోయించుకున్నాడు. ఆయన గుర్రాలు ఎప్పటిలాగే కనుమ దాటి వచ్చాయి.