గోడ మీది గిన్నె

అనగా అనగా, ఉప్పుగాలి కొట్టే ఒక ఊళ్ళో పేరిందేవమ్మని ఓ ముసలావిడ ఉండేదిరా బంగారం. ఒక్కత్తే. ఒక్క ప్రాణానికి కూరెందుకని ఇంత అన్నం వార్చుకునేది. పొద్దున ఆవకాయ, మధ్యాహ్నం మాగాయ, రాత్రికి ఊరమిరపకాయ. అదే తిండి.

పక్కింట్లో మాణిక్యం. అదీ ఒంటరిదే. ఎప్పుడో పెళ్ళి పంక్తిలో, "వదినా, ఈ ఆవకాయ సముద్రంలో ముంచి తీశావా?" అంది. అందరూ నవ్వారు. అప్పట్నించీ పేరిందేవమ్మ దాంతో మాట మానేసింది. మానదూ మరి! పచ్చడికి వంక పెడితే ఎవరూరుకుంటారు?

ఓ రోజు ఆసుపత్రి నర్సమ్మ ఇంటికొచ్చింది. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది.

"మామ్మగారూ, బీపీ. పై అంకె బాగా ఎక్కువుంది."

"కిందదో?"

"అది బాగానే ఉంది."

"పునాది గట్టిదైతే పైకప్పుకేం భయమే? పో!"

"ఈ వయసులో పైదాన్నే చూసుకోవాలండీ. తల తిరిగినా తిరగకపోయినా రోజూ బిళ్ళ వేసుకోండి. ఊరగాయ మానేసి కూర వండుకోండి."

వింటేనా! తల తిరిగిన రోజే బిళ్ళ. ఊరగాయ జాడీ జాడీయే.

ఆ తర్వాత ఓ పొద్దున, పెరట్లో కళ్ళు చీకట్లు కమ్మి కూలబడిపోయింది. గోడవతల మాణిక్యం గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిలిస్తే పలుకుతుంది. పౌరుషం, నోరు పెగల్లేదు. కాసేపటికి ఆ చప్పుడూ ఆగిపోయింది. అప్పుడు తెలిసింది బంగారం, ఇన్నేళ్ళూ తనకున్న తోడు ఆ చప్పుడేనని. ఎండ నెత్తికెక్కాక ఎలాగో లేచి లోపలికెళ్ళింది.

మర్నాడు ఆనపకాయ కోసింది. ఒక్కదానికి అదెక్కడ అయిపోతుంది? సగం కూర గిన్నెలో పెట్టి, గోడ మీద ఉంచి, గరిటెతో టంగుమనిపించి లోపలికి పోయింది. మాట లేదు.

వట్టి గిన్నె తిప్పి ఇవ్వకూడదుగా! సాయంత్రం అందులో బీరకాయ కూరొచ్చింది. "చప్పిడి కూరా, దాని మొహమూ" అని తిట్టుకుంటూనే తినేసింది. మళ్ళీ వట్టి గిన్నె ఇవ్వకూడదుగా! పొట్లకాయ వండింది. అలా గిన్నె తిరుగుతూనే ఉంది. గిన్నె మోగగానే బిళ్ళ వేసుకోవడం అలవాటైంది. జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పలేదు. నర్సమ్మ మళ్ళీ చూస్తే పై అంకె దిగింది.

మాట్లాడుకున్నారా అంటావా? ఉండు.

ఓ రోజు గిన్నె మోగలేదు. పేరిందేవమ్మ గోడ దగ్గర నిలబడింది. పొద్దు వాలింది. ఇక ఆగలేకపోయింది.

"ఏమే మాణిక్యం, ఉన్నావా?"

"ఉన్నాలే వదినా. పొయ్యి రాజుకోలేదు."

అంతే. ఆ ఏడాదంతటికీ వాళ్ళిద్దరి మధ్య అదొక్కటే మాట.

కూర గిన్నెకి, గిన్నె గోడకి,
కథ కంచికి, మనం నిద్రకి.