కుజుడూ, సిద్ధాంతిగారి పల్లకీ

సూర్యోదయమై రెండు గడియలయింది. రాళ్లకోట ఏలిక ముమ్మడిరాజు చద్దన్నంలో మాగాయ కలుపుకుంటున్నాడు. ఆస్థాన జ్యోతిష్కుడు వరదసిద్ధాంతి ముఖం వేలాడేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రభూ, కొన్నాళ్లుగా చూస్తున్నాను. ఆకాశంలో కుజుడు వెనక్కి నడుస్తున్నాడు."

రాజు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "దేనికి?"

"ఏదో మరిచిపోయి వచ్చుంటాడు," అన్నాడు పక్కనే ఉన్న మాచన. రాజుగారి ఉత్తరాలూ ఆజ్ఞలూ రాసిపెట్టే ఉద్యోగి అతను.

సిద్ధాంతి అతని వంక చూడనైనా లేదు. "గ్రహం వెనక్కి నడిచిందంటే, రాజు ఈ మధ్య ఇచ్చినదేదో వెనక్కి తీసుకోవాలని అర్థం. లేకుంటే సింహాసనానికి కీడు."

కిందటేడు తోకచుక్క కనిపించినప్పుడు ఊళ్లో ప్రతి ఆవు తోకకూ పసుపుగుడ్డ కట్టించింది ఈయనే. తోకచుక్క తన దారిన తాను సూర్యుణ్ణి చుట్టి వెళ్లిపోయింది. దాన్ని తరిమిన ఖ్యాతి మాత్రం సిద్ధాంతికి దక్కింది.

"ఈ మధ్య మనమేమిచ్చాం?" అన్నాడు రాజు.

"ద్వారపాలకుడు సింహాద్రికి క్షమాభిక్ష," అన్నాడు సిద్ధాంతి. జవాబు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వచ్చాడు.

దీపాల వేళ దాటాక కోట తలుపు ఎవరికీ తీయరాదని రాజాజ్ఞ. వేట నుంచి ఆలస్యంగా వచ్చిన రాజుకే సింహాద్రి తలుపు తీయలేదు. కోపంతో రాజు అతనికి దేశబహిష్కారం వేశాడు. తెల్లారాక అది తన ఆజ్ఞేనని గుర్తొచ్చి, నవ్వుకుని రద్దు చేశాడు. ఆ రాత్రి బయట దోమల పాలైనవాళ్లలో సిద్ధాంతి కూడా ఉన్నాడు. ఆయనకు మాత్రం ఇంతవరకూ నవ్వు రాలేదు.

"కీడంటున్నారు కాబట్టి తప్పదు," అన్నాడు రాజు. "రేపు పొద్దు గూకేలోగా సింహాద్రి పొలిమేర దాటాలి. మాచనా, ఆజ్ఞ రాయి."

సింహాద్రి భార్యకు నెలలు నిండాయి. బండి ఎక్కించే స్థితి కాదు. ఆ సంగతి మాచనకు తెలుసు. అతను గంటం తీశాడు కానీ రాయలేదు.

"సిద్ధాంతిగారూ, చిన్న సందేహం. గ్రహం వెనక్కి నడిస్తేనే కీడా, మనిషి నడిచినా కీడేనా?"

"రాజు కంటికి వెనక్కి పోతూ కనిపించినది ఏదైనా కీడే. రాజు కళ్లే ప్రమాణం."

"అప్పుడు ఇచ్చింది తీసేసుకోవాలి?"

"ఎవరికిచ్చినా సరే, తీసేసుకోవాలి."

"చాలు," అని మాచన గంటం పక్కన పెట్టాడు. "ఆజ్ఞ సాయంత్రం రాస్తాను ప్రభూ. ఈలోగా ఒక వేడుక. ఏలినవారు దసరాకిచ్చిన పట్టుతెరల పల్లకీలో సిద్ధాంతిగారిని ఊరు కళ్లారా చూడనే లేదు. అగడ్త బయటి బాట మీద ఊరేగితే బాగుంటుంది. ఏలినవారు కోటగోడ మీది బాటన తెల్లగుర్రం మీద వస్తూ చూడవచ్చు."

సిద్ధాంతి ఉత్తరీయం సర్దుకున్నాడు. "జనం కోరుకుంటే కాదంటానా?"

మధ్యాహ్నం ఎండ తగ్గాక పల్లకీ కదిలింది. బోయీలు నింపాదిగా నడుస్తున్నారు. సిద్ధాంతి తెర తొలగించి అటూ ఇటూ చేయి ఊపుతున్నాడు. గోడ మీద రాజు కాస్త వెనకగా అదే దిక్కుకు గుర్రం నడిపిస్తున్నాడు. వెనక పొట్టి తట్టువ గుర్రం మీద మాచన.

"ప్రభూ, పల్లకీ వెనక దూరంగా ఆ కొండలున్నాయే, వాటిని ఆనవాలు పెట్టుకుని చూడండి."

"బోడికొండ దాటి జంటకొండ వైపు పోతున్నాడు," అన్నాడు రాజు.

"గుర్రాన్ని కాస్త అదిలించండి."

గుర్రం దౌడు తీసింది. పల్లకీకి సరిసమానంగా వచ్చి, దాన్ని దాటేస్తోంది. రాజు కళ్లు చిట్లించాడు.

"మాచనా, ఆగిపోయాడేమిటి? అరే, మళ్లీ బోడికొండ వైపే పోతున్నాడు. సిద్ధాంతి వెనక్కి పోతున్నాడయ్యా."

"ఏలినవారి కళ్లే ప్రమాణం," అన్నాడు మాచన.

సభ తీరింది. సిద్ధాంతి దండలతో వచ్చి కూర్చున్నాడు.

"సిద్ధాంతిగారూ," అన్నాడు రాజు, "మీరు వెనక్కి పోవడం నేను స్వయంగా చూశాను. మీ మాట ప్రకారమే, నేనిచ్చిన పల్లకీ వెనక్కి తీసుకోవాలి."

సిద్ధాంతి లేచి నిలబడ్డాడు. "నేనా? ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఒట్టు. బోయీలను అడగండి. నా దారిన నేను ముందుకే పోతున్నాను. తమ బాట లోపలిది, తమ గుర్రం జోరైనది. తాము నన్ను దాటిపోతూ చూశారు కనుక నేను వెనక్కి పోయినట్టు కనిపించింది. దానికి నా పల్లకీ ఊడదీస్తే న్యాయమేనా ప్రభూ?"

మాచన చేతులు జోడించాడు.

"కుజుడి తరఫున కూడా ఇదే మనవి, ప్రభూ."

రాజు సింహాసనం అంచుకు జరిగాడు.

"కోట నడిమి బురుజును సూర్యుడనుకోండి," అన్నాడు మాచన. "చుట్టూ తిరిగే లోపలి బాట మన భూమిది. చుట్టు చిన్నది, నడక జోరు. బయటి బాట కుజుడిది. చుట్టు పెద్దది, నడక నిదానం. మనం అతణ్ణి దాటేటప్పుడల్లా పాపం వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాడు."

"భూమి నడిస్తే మనకు తెలియదా?" అన్నాడు రాజు.

"పల్లకీలో కునుకు తీసేవారికి పల్లకీ నడక తెలుస్తుందా, ప్రభూ?"

రాజు ముందుగా నవ్వాడు, ఆ వెనక సభంతా నవ్వింది. మూలన నిలబడ్డ బోయీలు అందరికన్నా గట్టిగా నవ్వారు. రాజు తన జరీ ఉత్తరీయం తీసి మాచన భుజాన వేశాడు. సింహాద్రి క్షమాభిక్షకు ఢోకా లేదన్నాడు. పల్లకీ సిద్ధాంతికే ఉండనిచ్చాడు.

కొన్నాళ్లకు పొరుగు రాజ్యం నుంచి వచ్చిన వర్తకులు ఒక కబురు చెప్పారు. అక్కడి సభలో వరదసిద్ధాంతికి ఘనసన్మానం జరిగిందట. కుజుడు వెనక్కి నడవడని, మనమే అతణ్ణి దాటిపోతున్నామని, ఈ రహస్యం తాను పల్లకీలో కూర్చుని స్వయంగా కనిపెట్టానని చెప్పి ఆయన రెండు శాలువాలు కప్పించుకున్నాడట.