గరికకు పాకడం ఎవరు నేర్పారు?

ఒకప్పుడు గరిక నేలమీద పాకేది కాదు. వరిదుబ్బులా నిటారుగా, పుట్టిన చోటే నిలబడి ఉండేది.

ఆ రోజుల్లో నూకాలు అనే ఆవిడ ఇంటి వెనక ఓ పెరడు ఉండేది. దాన్నిండా పిచ్చిమొక్కలే. ఆవిడ మనవరాలు బంగారి అప్పుడే పాకడం మొదలుపెట్టింది. గడప దాటి పెరట్లోకి వెళ్ళిందో లేదో, మోకాలికి పల్లేరుకాయ గుచ్చుకుంది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"ఉండండి, మీ పని చెబుతా!" అంటూ నూకాలు కొంగు బిగించింది. కానీ ఏది పీకాలి? ఏది ఉంచాలి?

"నువ్వెవరే?" అని అడిగింది ఒకదాన్ని.

"మెత్తని గడ్డినమ్మా" అంది తుంగ.

"నేను పూలమొక్కని. పసుప్పచ్చగా పూస్తాను" అంది పల్లేరు.

"మరి నువ్వో?"

"ఏమోనమ్మా! ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు" అంది గరిక.

నూకాలుకు తల తిరిగిపోయింది. దీన్ని పీకింది, దాన్ని వదిలింది. మళ్ళీ వదిలినదాన్ని పీకింది. చివరికి విసుగొచ్చి అన్నీ పీకుతూ పోయింది. ఆఖరున గరికను కూడా పీకబోతుంటే, బంగారి దానిమీద చెయ్యేసి నవ్వింది. చెయ్యి గుచ్చుకోలేదు! సరేలెమ్మని నూకాలు ఆ ఒక్క దుబ్బునూ వదిలేసింది.

ఆ సాయంత్రమే వాన పడింది. బోసినేల బురదై కొట్టుకుపోసాగింది.

"నన్ను కప్పేవాళ్ళు లేరా? లేకపోతే మళ్ళీ పల్లేరునే పిలుస్తా!" అని నేల ఏడ్చింది.

నూకాలు గాభరా పడింది. విత్తనాలు కొందామంటే చేతిలో డబ్బుల్లేవు.

"గరికా, నువ్వైనా కప్పవే తల్లీ!"

"కప్పాలనే ఉందమ్మా. కానీ నాకున్నది ఒక్క కాలే. ఎలా కదలాలి? ఎటు వెళ్ళాలి?"

"ఏమోనే, నాకూ తెలీదు" అంది నూకాలు దిగులుగా.

వాన వెలిశాక బంగారి మళ్ళీ బయటికొచ్చింది. చెయ్యి ఆనించింది, మోకాలు ఆనించింది. కోడివైపు కాస్త పాకింది. అంతలో గోడవైపు తిరిగింది. బోర్లాపడింది, మళ్ళీ చెయ్యి ఆనించింది.

"ఎటు పాపా?" అంది గరిక.

"బ్బ... బ్బ" అంది బంగారి.

గరికకు ఏమీ అర్థం కాలేదు. అయినా తనూ మెల్లగా నడుం వంచింది. కణుపును నేలకు ఆనించింది. అక్కడ ఏదో గిలిగింత పెట్టినట్టయింది. చూస్తే, చిన్న వేరు!

"అమ్మా, నాకు ఇంకో కాలొచ్చింది!"

నూకాలు సంబరంగా కణుపులున్న ముక్కలు తుంచి, పెరడంతా అక్కడక్కడా నాటి, నీళ్ళు చల్లింది. కొన్నాళ్ళకు పల్లేరు తిరిగొచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. కాలు పెట్టే చోటు లేక దారిపక్కకు పోయింది.

అప్పటినుంచే గరిక నేలబారుగా పాకుతోంది. కణుపు కణుపు దగ్గరా ఆగి వేరు దించుతోంది. ఎటు వెళ్ళాలో దానికి ఇప్పటికీ తెలియదు. అందుకే అన్నివైపులకీ వెళుతుంది.