జంట లోటాల రాజ్యం

మంచు కప్పిన అగ్నికొండ బూడిద కక్కిన ఏడు అది. ఎండలు ముగిశాయి, వానలు ఇంకా దిగలేదు. మనకు వెయ్యేళ్ల వెనక, మహాసముద్రాల అవతల, ఆండీస్ కొండల నడుమ చాంకారా అనే రాజ్యం ఉండేదట.

ఆ రాజ్యంలో గుర్రం లేదు. బండిచక్రం లేదు. నాణెం లేదు. అయినా కొండవాలు నిండా మెట్లు మెట్లుగా పొలాలు ఉండేవి. మంచు కరిగిన నీటిని కొండ చుట్టూ తిప్పి తెచ్చే రాతికాలువ ఉండేది. కరువు వస్తే తెరవడానికి గాదెలు ఉండేవి.

వీటన్నిటినీ కాపా అనే దొర కట్టించాడు. ఎలా కట్టించాడో వినండి, పిల్లలూ.

ఆయన దగ్గర ఒకే దుంగ నుంచి తొలిచిన రెండు కొయ్య లోటాలు ఉండేవి. కాలువ పని వచ్చిందంటే దొర తానే కొండ దిగి, పల్లె పల్లెకూ నడిచి వెళ్లేవాడు. రెండు లోటాల్లోనూ మొక్కజొన్న కల్లు సమంగా పోసేవాడు. ఒకటి పల్లెపెద్ద చేతికిచ్చి, రెండోది తాను తాగేవాడు. ఆ తరువాతే నోరు విప్పేవాడు.

"పని ఉంది. వస్తారా?"

వచ్చేవారు. దొర గాదెల్లోని గింజలు తిని, పాడుకుంటూ పని చేసి, ఇళ్లకు పోయేవారు. తమ పల్లె పక్కన పారే కాలువ గోడను తమ ఇంటి గోడలాగే చూసుకునేవారు. వాన పడితే, ఎవరూ చెప్పకుండానే వెళ్లి తడిమి చూసి వచ్చేవారు. చాంకారాలో రాజ్యమంటే అదే. వేరే ఏమీ లేదు.

కాపా కన్నుమూశాడు. కొడుకు తీతు దొర అయ్యాడు. ఆ ఏడే కొండ బూడిద కక్కింది, కాలువ పూడింది. వానలు దిగేలోగా పూడిక తియ్యాలి. లేకపోతే నీరు పొంగి గోడను కోసేస్తుంది.

కల్లు కాచేది తీతు మేనత్త పాక్సి. ఆమె కుండలు నింపి వచ్చింది.

"అంతా సిద్ధం, నాయనా. బయల్దేరు."

తీతు నవ్వాడు. "ఊరూరా తాగి తాగి నాన్నకు బాన పొట్ట వచ్చింది, అత్తా. నాది ఇంకా బాగానే ఉంది. నా బదులు బంటు వెళ్తాడు."

"దొర కాళ్లు నడిస్తేనే జనం చేతులు ఆడతాయిరా."

"ఆ మాట నాన్నతోనే పోయింది."

బంటు లోటాలు పట్టుకుని పల్లెలకు వెళ్లాడు. దొర తాగవలసిన లోటా తాను తాగాడు. దిగువ పల్లెకు కుంతూరి అనే ముసలాయన పెద్ద. ఆయన లోటా దించి, "దొరవారి కాలు బెణికిందా, పాపం?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే వచ్చి పని చేసి వెళ్లారు.

రెండో ఏడూ కాలువలో బూడిద పేరుకుంది. ఈసారి తీతు ఒకే లోటా పంపాడు.

"రెండోది ఏది?" అన్నాడు కుంతూరి.

"దొరవారు ఇంట్లో ఉంచుకున్నారు," అన్నాడు బంటు.

"అలాగా. అయితే సగం మందిని మేమూ ఇంట్లో ఉంచుకుంటాం."

సగం మందే వచ్చారు. సగం పూడికే తీశారు. తీతుకు అవమానం అనిపించింది.

మూడో ఏడు లోటా వెళ్లలేదు. బల్లేలు వెళ్లాయి. ముసలివాళ్లతో సహా అందరూ వచ్చారు. తీతు మేనత్తను పిలిచి చూపించాడు.

"చూశావా అత్తా? ఒక్క కుండ కల్లు ఖర్చు కాలేదు. ఒక్కడు కూడా ఎగ్గొట్టలేదు."

"చూశాను. ఒక్కడు కూడా పాడటం లేదు," అంది పాక్సి.

పని ముగిసింది. వానలు దిగాయి. దిగువ పల్లె దగ్గర కాలువ గోడ వేలెడు చీలింది. మేకులా ఒక రాయి దిగ్గొట్టి, బంకమన్ను మెత్తితే ఆగిపోయే చీలిక. కుంతూరి దాన్ని చూశాడు. చూసి ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"గోడ చీలిందని దొరకు చెప్పవా, మావా?" అంది కోడలు.

"గోడ బల్లేలది. బల్లేలే చూసుకుంటాయి," అన్నాడు కుంతూరి.

రెండు రోజులకు గోడ తెగింది. నీరు మెట్ల పొలాలను పైనుంచి కిందికి గీకేసింది. గాదెలు కొట్టుకుపోయాయి. దొర పొలాలు పోయాయి, పల్లె పొలాలూ పోయాయి. నీరు ఎవరినీ ఎంచి చూడలేదు.

వానలు వెలిశాక తీతు మొదటిసారి కొండ దిగాడు. కుంతూరి ఇల్లు ఎక్కడో అతనికి తెలియదు. దారిలో ఒక ముసలమ్మను అడిగి తెలుసుకున్నాడు.

కుంతూరి గుమ్మంలోనే ఉన్నాడు. తీతు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గోడ కట్టాలి, పెద్దా. వస్తారా?"

కుంతూరి తల ఎత్తి అతని వైపు చూశాడు.

"ఈ ఒక్క మాట కోసం మూడేళ్లు ఈ గుమ్మంలోనే కూర్చున్నాను, దొరా. ఇప్పుడు అడిగావు. రావడానికి మనుషులు లేరు. తిండి లేక, బరువులు మోసే లామా జంతువుల మీద మూటలు కట్టుకుని కనుమ దాటి పోతున్నారు." తరువాత తల దించుకుని అన్నాడు: "చీలిక నేను ముందే చూశాను. చెప్పలేదు. నీ మీద కోపంతో నా మనవల అన్నం నేనే పారబోసుకున్నాను."

"నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు," అన్నాడు తీతు.

ఇద్దరూ లేచి వెళ్లి రాళ్లు పేర్చడం మొదలుపెట్టారు. పాక్సి కూడా వచ్చి మన్ను తొక్కింది. వెయ్యిమంది కట్టిన గోడ అది. ముగ్గురి వల్ల కాలేదు.

అడిగితే మనిషి వస్తాడు, అదిలిస్తే ఒళ్లు మాత్రమే వస్తుంది. కోపం వచ్చిందని నోరు మూసుకున్నవాడూ తన ఇంటినే ముంచుకుంటాడు.

చాంకారా కాలువలో మళ్లీ నీరు పారలేదు. నాలుగు పల్లెలు ఖాళీ అయ్యాయి. కనుమ దారి పట్టిన పసిపిల్లల్లో సగం మంది అవతలికి చేరలేదు.